ఇంటి రక్షణకు తక్కువ ధరలో గన్ లైట్: అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చి, సొంత ఇల్లు కొనుక్కున్నాక ఇంటి రక్షణ కోసం పిస్టల్ తీసుకున్న తెలుగు కుటుంబాలు టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా వైపు చాలానే ఉన్నాయి. పిస్టల్ ఇంటికి వచ్చాక మొదటి సందేహం ఇదే: "దీనికి లైట్ ఏది పెట్టాలి, నూటయాభై డాలర్ల లోపు మంచిది దొరుకుతుందా?" దాని వెనకే మిగతా ప్రశ్నలు వరస కడతాయి. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ రాసే బదులు అన్నిటినీ ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాసినవి సుమారు లెక్కలే.

## కొనకముందు

అసలు పిస్టల్‌కి లైట్ ఎందుకు? నా చేతిలో ఫోన్ ఉంది కదా?

ఎదురుగా ఉన్నది ఎవరో చూడటానికి. గన్ లైట్‌కి అంతకు మించిన ప్రయోజనం లేదు, అంతకు మించిన ప్రయోజనం అక్కర్లేదు కూడా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మొదటి వారం జెట్‌లాగ్ ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి, మనల్ని లేపడం ఎందుకని లైటు వేయకుండానే కాఫీ కోసం వంటింట్లోకి వెళ్తారు. టీనేజ్ కొడుకు ఆలస్యంగా వచ్చి గరాజ్ తలుపులోంచి నెమ్మదిగా దూరతాడు. చీకట్లో వీళ్లంతా ఒక నీడలాగే కనిపిస్తారు. ఆ నీడకి ముఖం కనిపించేదాకా ట్రిగ్గర్ మీదికి వేలు పోకూడదు.

ఫోన్ లైట్ వెలుగు చెదిరిపోతుంది, హాలు అవతలి మూలని స్పష్టంగా చూపించదు. దాన్ని వెలిగించాలంటే స్క్రీన్ తాకాలి, చూడాలి. పైగా ఆ సమయంలో ఫోన్ 911కి కావాలి.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. గన్, లైట్ కొనుక్కోవచ్చా?

గన్ కొనకూడదు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 అన్నీ ఆ కిందికే వస్తాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ల లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "మా ఫ్రెండ్ వేట లైసెన్సు తీసుకుని కొన్నాడు" అనే మాట అందుకే వినిపిస్తుంది. కానీ తేడా వస్తే పోయేది గన్ ఒక్కటే కాదు. 2022 చట్టం తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఇమ్మిగ్రేషన్ పరంగా జరిగే నష్టం వేరే. మినహాయింపు వాడుకోవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూర్చుని మాట్లాడండి. అప్పటిదాకా ఒక మంచి చేతి టార్చి, గట్టి తలుపు, బయట మోషన్ లైటు చాలు.

నాకు గ్రీన్ కార్డు ఉంది. మా తమ్ముడు ఎఫ్1 మీద చదువుకుంటూ మాతోనే ఉంటున్నాడు. ఇంట్లో గన్ ఉంచుకోవచ్చా?

మీరు ఉంచుకోవచ్చు. అతని చేతికి అందకూడదు. సేఫ్ కోడ్ అతనికి తెలిసినా, గన్ అందరూ తెరిచే బీరువాలో ఉన్నా, అది అతని అధీనంలో కూడా ఉన్నట్టే అని ప్రభుత్వం వాదించే అవకాశం ఉంది. కోడ్ మీకు మాత్రమే తెలిసిన సేఫ్ పెట్టుకోండి. సరదాగా రేంజ్‌కి (కాల్పుల సాధన చేసే చోటుకి) తీసుకెళ్లి అతని చేత కాల్పించడం కూడా వద్దు. కాసేపు చేతిలో పట్టుకున్నా చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకున్నట్టే. కొత్త లైట్ చూపించాలని ముచ్చటపడి గన్ చేతికివ్వడమూ అలాంటిదే.

ముందు గన్ లైట్ కొనాలా, చేతి టార్చి కొనాలా?

చేతి టార్చి. ఒక్కదానికే డబ్బుంటే అదొక్కటే కొనండి. గన్ లైట్ ఎటు తిరిగితే గన్ గొట్టం అటే తిరుగుతుంది. మంచం కింద చెప్పులు వెతకడానికి, పిల్లల గదిలోకి తొంగిచూడటానికి, పెరట్లో పిల్లి శబ్దమా మనిషి శబ్దమా అని చూడటానికి గన్ పనికిరాదు. రాత్రి ఇంట్లో వెలుగు అవసరమయ్యే సందర్భాల్లో దాదాపు అన్నీ ఇలాంటివే. నలభై నుంచి అరవై డాలర్లకు పేరున్న కంపెనీ టార్చి వస్తుంది. స్ట్రీమ్‌లైట్ ప్రోటాక్ 1ఎల్-1ఏఏ చిన్నది, 350 లుమెన్స్ (వెలుగు కొలత) ఇస్తుంది, సీఆర్123ఏ అనే చిన్న లిథియం బ్యాటరీ లేకపోతే మామూలు ఏఏ బ్యాటరీతో కూడా వెలుగుతుంది. దాన్ని మంచం పక్కన పెట్టుకుని, గన్ లైట్ సంగతి తర్వాత చూడండి.

లైట్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. నా వరస ఇది: వేగంగా తెరుచుకునే సేఫ్, ఒక శిక్షణ తరగతి, ముందు తలుపు గడియ పట్టీకి మూడంగుళాల స్క్రూలు, వాకిట్లో మోషన్ లైటు, చేతి టార్చి. ఆ తర్వాతే గన్ లైట్. చాలా ఇళ్లలో గడియ పట్టీని పట్టుకుని ఉండేవి పొట్టి స్క్రూలే, ఒక గట్టి తన్నుకి ఊడొస్తాయి. పొడవైన స్క్రూల ఖర్చు కొద్ది డాలర్లే.

మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సాస్‌లలో భారతీయ, ఆసియా కుటుంబాలనే ఎంచుకుని ఇళ్లలో చొరబడ్డ ముఠాకి కోర్టులో శిక్షలు పడ్డాయి. అందుకే పెళ్లి నగలు ఇంట్లో కాకుండా బ్యాంకు లాకర్లో పెట్టండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు జరిగే దొంగతనాన్ని ఏ గన్ లైటూ ఆపదు.

ఊళ్లో ఉన్న నాన్నకి కూడా ఒక గన్ లైట్ తీసుకెళ్దామనుకుంటున్నా. పర్వాలేదా?

వద్దు. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా తుపాకీకి ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు ఉండాలి. అది లేని ఇంట్లో గన్ లైట్‌తో పనే లేదు, కస్టమ్స్ దగ్గర మాత్రం ప్రశ్నలు ఎదురవుతాయి. పొలానికి, మోటారు దగ్గరికి రాత్రిపూట వెళ్లే నాన్నకి కావాల్సింది పాముని, గట్టుని చూపించే చేతి టార్చి. ఛార్జింగ్ టార్చి తీసుకెళ్లండి. విడి లిథియం బ్యాటరీలుంటే చెక్ ఇన్ పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి. అది విమానయాన నిబంధన.

## ఎంచుకునేటప్పుడు

ఇంటికి ఎన్ని లుమెన్స్ కావాలి?

ఇంటి లోపలికి 300 నుంచి 500 చాలు. మన అపార్ట్‌మెంట్లు, ఇళ్లలో గోడలు లేత రంగులో ఉంటాయి, వెలుగు వాటి మీద పడి గదంతా పరుచుకుంటుంది. పెద్ద పెరడు, పొడవైన డ్రైవ్‌వే ఉన్నవాళ్లకి 1,000 లుమెన్స్ పనికొస్తుంది. "వెయ్యి లుమెన్స్ ఇంట్లో వేస్తే మన కళ్లే బైర్లు కమ్ముతాయి" అని కొందరు భయపెడతారు. దగ్గరి తెల్లగోడ మీదికో అద్దం మీదికో నేరుగా వేస్తే కాస్త ఇబ్బందే గానీ, ఏమీ కనిపించని స్థితి రాదు. 500 దగ్గర ఆగండి అనడానికి నా కారణం వేరు: లైట్ చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, సేఫ్‌లో పడుతుంది.

కాండెలా అని ఇంకో అంకె కూడా రాస్తున్నారు. అదేంటి?

లుమెన్స్ అంటే లైట్ నుంచి మొత్తం ఎంత వెలుగు వస్తుందన్నది. కాండెలా అంటే ఆ వెలుగు మధ్యలో ఎంత గట్టిగా కేంద్రీకరించి ఉందన్నది. పైపు చివర వేలు అడ్డం పెడితే అవే నీళ్లు దూరం పోతాయి కదా, అలాగే.

పెట్టె మీద రాసే "బీమ్ దూరం" కాండెలా నుంచే వస్తుంది. కాండెలా వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 5,000 కాండెలాకి సుమారు 141 మీటర్లు, 20,000కి సుమారు 283 మీటర్లు. ఆ దూరం చూసి మురిసిపోకండి. ఆ చివరన పడే వెలుగు 0.25 లక్స్ మాత్రమే, దాదాపు వెన్నెలంత. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ, చేతిలో ఉన్నది కత్తో ఫోనో తెలియదు. ముఖం గుర్తుపట్టగలిగే దూరం పెట్టె మీద రాసినదాంట్లో చిన్న భాగమే. ఇంటి లోపల 5,000 కాండెలా సరిపోతుంది. వీధిలైటు వెలుగుని, కారు అద్దాన్ని దాటి అవతల చూడాల్సిన పరిస్థితి ఉంటే ఎక్కువ కాండెలా తీసుకోండి.

అమెజాన్‌లో ముప్ఫై డాలర్లకి 1,500 లుమెన్స్ అని ఉంది. తీసేసుకోనా?

తీసుకోకండి. ముందు పెట్టె మీద ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 గుర్తు ఉందేమో చూడండి. అమెరికాలో టార్చిలని కొలిచే ప్రమాణం అది. దాని ప్రకారం లుమెన్స్‌ని స్విచ్ వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలవాలి, రన్‌టైమ్ అంటే వెలుగు మొదటిదాంట్లో పది శాతానికి పడిపోయేదాకా పట్టే సమయం. ఈ గుర్తు లేని అంకెని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకోవచ్చు.

వెలుగు తక్కువ రావడం పెద్ద ప్రమాదం కాదు. కాల్చినప్పుడు వచ్చే కుదుపుకి చౌక లైట్ ఆరిపోతుంది, మిణుకుమంటుంది, లేదా రైల్ (గన్ గొట్టం కింద లైట్ బిగించే గాడి) మీద నుంచి జారుతుంది. బొమ్మ తుపాకులకి చేసిన లైట్‌నే నిజం గన్ లైట్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. అవసరం వచ్చిన రాత్రి లైట్ వెలగకపోతే, లైట్ ఉందన్న నమ్మకంతో మనం చీకట్లో నిలబడి ఉంటాం. లైట్ లేకపోవడం కంటే అది ప్రమాదం. తెలియని బ్రాండుకి ముప్ఫై పెట్టే బదులు అదే ముప్ఫైకి పది డాలర్లు కలిపి చేతి టార్చి కొనండి.

సరే, నూటయాభై లోపు ఏది కొనమంటారు?

గ్లాక్ 19 లాంటి మధ్యరకం పిస్టల్‌కి స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-7ఏ. 500 లుమెన్స్, 5,000 కాండెలా, ఒక సీఆర్123ఏ బ్యాటరీతో గంటన్నర వెలుగు, బరువు 70 గ్రాముల లోపే. స్విచ్‌లు వెనక రెండు వైపులా ఉంటాయి కాబట్టి ఎడమచేతివాటం వాళ్లకీ ఇబ్బంది లేదు. ధర సాధారణంగా నూటపాతిక చుట్టుపక్కల తిరుగుతుంది. దీని తర్వాత వచ్చిన టీఎల్‌ఆర్-7 ఎక్స్‌లో అదే కంపెనీ ఛార్జింగ్ బ్యాటరీ కూడా వేసుకోవచ్చు.

పిస్టల్‌ని ఎక్కడికీ తీసుకెళ్లకుండా మంచం దగ్గర సేఫ్‌లోనే ఉంచేవాళ్లకైతే టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్ చెబుతాను. 1,000 లుమెన్స్, 20,000 కాండెలా, రెండు బ్యాటరీలు. లావుగా ఉంటుంది, దాదాపు 120 గ్రాములు. కానీ దాదాపు అదే ధరకి నాలుగు రెట్ల కాండెలా వస్తుంది. ఇంటి కోసమే అయితే లావు పెద్ద అడ్డు కాదు. బ్లాక్ ఫ్రైడేకి రెండూ తగ్గుతాయి. నర్సులకి, అగ్నిమాపక సిబ్బందికి తగ్గింపు ఇచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా నర్సు ఉంటే అడిగి చూడండి.

ష్యూర్‌ఫైర్ మూడొందలు దాటుతోంది. అంత తేడా ఉందా?

ష్యూర్‌ఫైర్ కంపెనీ ఎక్స్300 లైట్ బాడీ గట్టిదనం, రైల్‌ని పట్టే తీరు నిజంగా బాగుంటాయి. రోజూ బెల్టుకి పెట్టుకుని వానలో తిరిగే పోలీసుకి ఆ డబ్బు న్యాయమే. సేఫ్‌లో ఉండి నెలకోసారి రేంజ్‌కి వెళ్లే పిస్టల్‌కి అవసరం లేదు. మిగిలిన నూటయాభై పెట్టి తక్కువ వెలుతురులో కాల్చే శిక్షణ తరగతికి వెళ్లండి.

ఓలైట్ అందంగా ఉంది, యూఎస్‌బీతో ఛార్జ్ అవుతుంది. అది బాగుంటుందా?

ధరకి తగ్గ తయారీ, చూడటానికి బాగుంటుంది, అయస్కాంతంతో అతుక్కునే ఛార్జర్ సౌకర్యమే. రెండు విషయాలు చూసుకోండి. చాలా మోడళ్లలో పూర్తి వెలుగు కొద్ది నిమిషాలే ఉంటుంది, తర్వాత వేడి పెరగకుండా తనే తగ్గించుకుంటుంది. కొనేముందు ఆ మోడల్ రన్‌టైమ్ గ్రాఫ్ చూడండి. రెండోది, బ్యాటరీ లోపలే ఉండే చిన్న మోడళ్లలో ఛార్జ్ అయిపోతే కొత్తది వేసుకునే దారి లేదు. నెలల తరబడి సేఫ్‌లో ఉండే గన్‌కి పదేళ్లు నిల్వ ఉండే సీఆర్123ఏ మేలని నా అభిప్రాయం.

నా పిస్టల్‌కి అది పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

గొట్టం కింద, ట్రిగ్గర్ గార్డ్ ముందు అడ్డ గాడి ఉన్న రైల్ ఉందేమో చూడండి. లేకపోతే మామూలు లైట్ పట్టదు. రైల్ ఉంటే అది ఏ రకమో తెలుసుకోవాలి. పికాటినీ అనే సైనిక ప్రమాణం, అంటే మిల్-ఎస్‌టీడీ-1913 ఒకటి, గ్లాక్ వాళ్ల సొంత కొలత ఇంకొకటి. స్ట్రీమ్‌లైట్ పెట్టెలో వేరువేరు రైల్స్‌కి తగ్గట్టు మార్చుకునే చిన్న ముక్కలు ఇస్తారు, వాటినే 'కీ' అంటారు.

చిన్న పిస్టళ్ల దగ్గరే చాలామంది తప్పు వస్తువు కొంటారు. గ్లాక్ 43కి రైలే లేదు. 43ఎక్స్‌లో ఎంఓఎస్ రకానికి రైల్ ఉంది. సిగ్ పీ365ది సొంత తరహా రైల్. టీఎల్‌ఆర్-7 సబ్ అనే చిన్న లైట్‌ని వీటి కోసం వేరువేరు రకాలుగా అమ్ముతారు, ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. ఆర్డర్ పెట్టేముందు పిస్టల్ మోడల్ పూర్తి పేరు, లైట్ రకం పూర్తి పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

లేజర్ కూడా ఉన్నది తీసుకోనా?

మొదటి లైట్‌కి వద్దు. ధర పెరుగుతుంది, లేజర్‌ని గురికి సరిచేసుకునే పని ఒకటి అదనం, చీకట్లో కళ్లు ఆ చుక్క వెంట పోతాయి. ఎదుటి మనిషి ముఖం, చేతులు చూడాల్సిన క్షణం అది.

షాట్‌గన్‌కి, ఏఆర్ తరహా రైఫిల్‌కి కూడా అదే లైట్ పెట్టొచ్చా?

పొడవు తుపాకీకి వేరే లైట్ మంచిది, ఎందుకంటే స్విచ్ ముందు చేతి కిందకి రావాలి. మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 లాంటి పంప్ షాట్‌గన్లకి స్ట్రీమ్‌లైట్ టీఎల్-ర్యాకర్ ఉంది. గొట్టం కింద ముందు చేత్తో పట్టుకునే పిడి తీసి దాని బదులు బిగించేదే లైట్ ఉన్న పిడి, వెలుగు 1,000 లుమెన్స్. వైర్లు ఉండవు. ఏఆర్‌కి ప్రోటాక్ రైల్ మౌంట్ హెచ్‌ఎల్-ఎక్స్ తీసుకుంటే వెనక నొక్కే స్విచ్, వైరుతో వచ్చే ప్రెషర్ స్విచ్ రెండూ పెట్టెలోనే వస్తాయి. ఇంట్లో వాడే తుపాకీకి వైరు లేనిదే నాకు నచ్చుతుంది. దేనికో తగులుకుని ఊడేది ఆ వైరే.

వాడిన లైట్ కొనొచ్చా?

కొనొచ్చు. పోలీసు శాఖలు మార్చేసిన పాత టీఎల్‌ఆర్-1లు మంచి ధరకి దొరుకుతాయి. బిగింపు స్క్రూ గాడి అరిగిపోలేదని, బ్యాటరీ గదిలో తుప్పు లేదని చూసుకుని తీసుకోండి.

## బిగించేటప్పుడు

ఇంట్లో నేనే బిగించుకోవచ్చా?

బిగించుకోవచ్చు, పని పది నిమిషాలదే. ప్రమాదమంతా చేతులు గొట్టం ముందుకి రావడంలో ఉంది. ముందు మ్యాగజైన్ (తూటాలు ఉండే పెట్టె) తీయండి. తర్వాత స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) వెనక్కి లాగి లాక్ చేయండి. ఛాంబర్‌లోకి (కాల్చడానికి తూటా కూర్చునే గది) కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాలని వేరే గదిలో పెట్టి రండి. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే ఒక తూటా బయటికొచ్చి ఇంకొకటి లోపలికి పోతుంది, వరస తప్పకూడదు.

ఇక బిగింపు. సరైన కీ వేసి, లైట్‌ని రైల్ గాడిలో కూర్చోబెట్టి, స్క్రూ తిప్పండి. నాణెంతో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ గట్టిగా, కానీ మరీ బలవంతంగా కాకుండా తిప్పాలి. లైట్ ముందుకీ వెనక్కీ కదలకూడదు. స్క్రూ మీద, బాడీ మీద కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. వదులైతే గీత పక్కకి జరిగి కనిపిస్తుంది. ఆ రెండు సెకన్ల గీత చాలా ఉపయోగం.

లైట్ పెట్టాక గన్ పాత హోల్‌స్టర్‌లో (గన్ ఒరలో) పట్టడం లేదు. కోసి వదులు చేయనా?

కోయకండి. హోల్‌స్టర్‌కి ముఖ్యమైన పని ట్రిగ్గర్‌ని కప్పి ఉంచడం. కోసిన హోల్‌స్టర్ ఆ పని సరిగ్గా చేయదు. మీ పిస్టల్, మీ లైట్ రెండిటి పేర్లూ రాసి ఉన్న హోల్‌స్టర్ కొనాలి. దాని ఖర్చుని మొదటే లెక్కలో వేసుకోండి. సేఫ్ లోపలి కొలత కూడా చూసుకోండి, చిన్న పెట్టెల్లో టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్ ఉన్న పిస్టల్ పట్టకపోవచ్చు.

లైట్ బరువుకి గన్ పనితీరు మారుతుందా?

ఎక్కువ పిస్టళ్లలో మారదు. మూడో తరం గ్లాక్ 22కి లైట్ పెట్టాక తూటా సరిగ్గా ఎక్కని సమస్యలు వచ్చాయన్నది అమెరికా పోలీసు శాఖల్లో అందరికీ తెలిసిన విషయం. కాబట్టి మీ పిస్టల్‌ని నమ్మేముందు లైట్ బిగించిన స్థితిలోనే, ఇంట్లో వాడబోయే తూటాలతోనే రేంజ్‌లో కొన్ని మ్యాగజైన్లు కాల్చి చూడండి. తర్వాత లైట్ ఇంకా వెలుగుతోందా, జరిగిందా అన్నది కూడా చూడండి.

## వాడేటప్పుడు

అర్ధరాత్రి శబ్దం వచ్చింది. గన్ లైట్ వేసుకుని ఇల్లంతా వెతకొచ్చా?

వద్దు. ఇల్లంతా వెతకడమంటే మీ ఇంట్లోవాళ్లందరి మీదికీ గన్ తిప్పడమే. పిల్లల్ని ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి, తలుపు వైపు చూస్తూ అక్కడే ఉండండి. గన్ లైట్ ఆ గదిలో ఆ తలుపు కోసం. పక్క గదిలో ఉన్న పాప దగ్గరికి వెళ్లక తప్పదనుకోండి, అప్పుడు చేతి టార్చి ఒక చేతిలో, కిందికి దించిన గన్ ఇంకో చేతిలో. వెళ్లేముందు గట్టిగా పేరు పెట్టి పిలవండి. "అమ్మా, నువ్వేనా?" అన్న ఒక్క మాటకి జవాబు వస్తే అక్కడితో అయిపోయింది. ఇంటి గోడ మీద లైటు స్విచ్ ఉంది, దాన్నీ వాడండి.

గన్ ఎత్తకుండానే ఎదుటివాళ్లని చూడగలనా?

చూడగలరు, ఇది తప్పకుండా నేర్చుకోవాల్సిన పద్ధతి. గన్‌ని ఎదుటివాళ్ల కాళ్ల ముందు నేల వైపు పెట్టి లైట్ వేయండి. నేల మీద, గోడల మీద పడిన వెలుగు పైకి లేచి మనిషి ముఖం, చేతులు కనిపిస్తాయి. 500 లుమెన్స్ అందుకు చాలు. ముదురు రంగు తివాచీ ఉంటే వెలుగు కాస్త తగ్గుతుంది. మీ ఇంట్లో మీ గదుల్లో ఎలా ఉంటుందో ఖాళీ గన్‌తో కూడా కాదు, చేతి టార్చి నేలకి పెట్టి ఈ రాత్రే చూసుకోండి.

స్విచ్ ఏ వేలితో నొక్కాలి?

ట్రిగ్గర్ వేలితో మాత్రం వద్దు. కుడిచేతివాటం వాళ్లైతే రెండో చేతి బొటనవేలితో నొక్కడం అలవాటు చేసుకోండి. నొక్కే వేలు, కాల్చే వేలు ఎప్పుడూ ఒకటే కాకూడదు. పిడి మీద, ట్రిగ్గర్ గార్డ్ కింద మధ్యవేలితో పిసికే స్విచ్‌లు కూడా ఉన్నాయి. నేను వాటికి దూరం. 2010లో టెక్సాస్‌లోని ప్లానోలో ఒక పోలీసు అధికారి చేతిలో ఇలాంటి స్విచ్ ఉన్న గన్ పేలి ఒక మనిషి చనిపోయాడు. లైట్ వేయబోయి ట్రిగ్గర్ లాగానన్నది ఆ అధికారి మాట. చెయ్యి టెన్షన్‌లో ఉన్నప్పుడు వేళ్లన్నీ కలిసి బిగుసుకుంటాయి. శిక్షణ ఉన్నవాళ్లకే అలా జరిగితే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

లైట్ వెలుగుతూనే ఉంచాలా, ఆర్పి ఆర్పి వేయాలా?

నొక్కినంతసేపే వెలిగే పద్ధతి నేర్చుకోండి, కదిలేటప్పుడు మీ చోటు తెలియకుండా ఉంటుంది. ఎదుట మనిషిని చూశాక మాత్రం ఆర్పకండి, చేతులు ఏం చేస్తున్నాయో కనిపిస్తూ ఉండాలి. మిణుకుమనే స్ట్రోబ్ వల్ల మీకే కదలిక సరిగ్గా తెలియదు. చాలా మోడళ్లలో దాన్ని పూర్తిగా ఆపేసే వీలుంది, ఆపేయండి.

లైట్‌లో తెలియని మనిషి కనిపించాడు. కాల్చొచ్చా?

తెలియని మనిషి కావడం ఒక్కటే కాల్చడానికి కారణం కాదు. ప్రాణానికి ముప్పు అప్పటికప్పుడు ఉందా లేదా అన్నది ప్రశ్న, దాన్ని చట్టం చూసే తీరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్ నియమాలు విని న్యూజెర్సీలో పాటించకూడదు. మీ రాష్ట్రంలో ఆత్మరక్షణ చట్టం చెప్పే తరగతికి ఒక శనివారం కేటాయించండి. మత్తులో ఇల్లు మారి వచ్చిన పక్కింటి కుర్రాడు, తప్పు అడ్రసుకి వచ్చిన డెలివరీ మనిషి కూడా మీకు తెలియని మనుషులే.

పోలీసులు వచ్చేసరికి నా చేతిలో గన్ ఉంటే?

ఉండకూడదు. లైట్ వెలుగుతున్న గన్ పట్టుకున్న మనిషి పోలీసులకి దొంగలాగే కనిపిస్తాడు. 911 ఆపరేటర్‌కి మీరు ఏ గదిలో ఉన్నారో, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, గన్ ఉందన్న సంగతీ చెప్పండి. పోలీసులు తలుపు దగ్గరికి వచ్చారని ఆపరేటర్ చెప్పగానే గన్ సేఫ్‌లో పెట్టి, గదిలో లైటు వేసి, ఖాళీ చేతులు చూపించండి. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మానాన్నలు ఉంటే వాళ్లకి ముందే నేర్పండి: పరుగెత్తకూడదు, చేతులు కనపడేలా ఉంచాలి.

## ఇంట్లో ఉంచుకోవడం, చూసుకోవడం

బ్యాటరీ ఎన్నాళ్లకి మార్చాలి?

వాడినా వాడకపోయినా ఏడాదికోసారి, పుట్టినరోజు లాంటి గుర్తుండే తేదీన. తీసినవాటిని చేతి టార్చిలో వాడేసుకోవచ్చు. నెలకోసారి ఒకసారి వెలిగించి చూడండి. రెండు బ్యాటరీల లైట్‌లో కొత్తదీ పాతదీ, వేరువేరు కంపెనీలవీ కలపకండి. బలహీనమైనది వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఛార్జ్ చేసుకునే 123 బ్యాటరీలు నిండా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తాయి, మామూలు సీఆర్123ఏ 3 వోల్టులే. లైట్ కంపెనీ అనుమతించకపోతే వాటిని వేయకండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. లైట్ చూసి ఆడుకోబోతారేమో?

ఆ భయం సరైనదే. వెలిగే వస్తువంటే పిల్లలకి ఇష్టం, దాని స్విచ్ ట్రిగ్గర్‌కి అంగుళం దూరంలో ఉంటుంది. గన్ లైట్‌ని పిల్లల ముందు టార్చిలాగా ఒక్కసారి కూడా వాడకండి. కరెంటు పోయినప్పుడు "అది తీసుకురా" అనే అలవాటు అసలు మొదలుకాకూడదు. అందుకే పిల్లలకి అందేచోట వాళ్ల టార్చి వాళ్లకి వేరే ఉంచండి. గన్ ఎప్పుడూ తాళం వేసిన సేఫ్‌లోనే. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి నిండు తుపాకీ అందేలా వదిలేయడం నేరం. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. ఇంటికి వచ్చే స్నేహితుల పిల్లలకి కూడా ఇదే వర్తిస్తుంది.

రేంజ్ నుంచి వచ్చాక లైట్ గాజు నల్లగా అయింది. పాడైందా?

పాడవలేదు, అది మందుగుండు మసి. కొన్ని మ్యాగజైన్లు కాల్చేసరికే వెలుగు బాగా తగ్గేంత పేరుకుంటుంది. కాల్చేముందు గాజు మీద లిప్‌బామ్ పల్చగా రాస్తే తర్వాత గుడ్డతో తుడవగానే వచ్చేస్తుంది. ఎండిపోయి గట్టిపడితే తడి గుడ్డతో ఓపిగ్గా తుడవండి. గాజుని బ్లేడుతో గీకకండి. తుడిచేముందు గన్ ఖాళీ చేసి, లైట్‌ని రైల్ నుంచి విడదీయండి. గాజు తుడిచే చెయ్యి ఉండేది గొట్టం ముందే.

వారంటీ ఎంతకాలం?

స్ట్రీమ్‌లైట్ బాడీకి జీవితకాలం, స్విచ్‌లకి, ఎలక్ట్రానిక్స్‌కి రెండేళ్లు. బ్యాటరీలకి లేదు. కొన్న రసీదు ఫోటో తీసి ఈమెయిల్‌లో దాచుకోండి. రిపేరుకి పంపేటప్పుడు లైట్ ఒక్కటే విప్పి పంపాలి, గన్ పంపకూడదు.